కీమో ఎక్కించి ఇంటికి పంపాక జ్వరం వస్తే ఎవరికి ఫోన్ చేయాలి?

నెల్లూరు జిల్లా వైద్య ఆరోగ్యశాఖ అధికారి గారికీ, జిల్లాలో కీమో ఇచ్చే సర్కారు, ప్రైవేటు ఆసుపత్రుల సూపరింటెండెంట్లకూ, క్యాన్సర్ డాక్టర్లకూ నమస్కారం.

నేను ఉదయగిరి ప్రాంతంలో మెడికల్ షాపు నడుపుతున్నాను. ఫార్మసీ చదివాను, డాక్టర్ని కాను. కానీ మీ దగ్గర మందు ఎక్కించుకుని బస్సు దిగిన మనిషి ఇంటికి పోయే ముందు ఆగేది మా కౌంటర్ దగ్గరే. వాంతుల బిళ్ళకో, ఓఆర్ఎస్ పొట్లానికో, నోటిపూత జెల్లుకో వస్తారు. ఫైలు చేతిలో పెట్టి "ఇందులో ఏం రాసిండారో కాస్త చూసి చెప్పు అబ్బయ్యా" అంటారు. వార్డులో మీకు కనపడనివి కొన్ని అందువల్లే మా కళ్ళ పడతాయి.

2025 ఫిబ్రవరి కేంద్ర బడ్జెట్‌లో ఒక మంచి మాట చెప్పారు. మూడేళ్ళలో దేశంలోని అన్ని జిల్లా ఆసుపత్రుల్లో డే కేర్ క్యాన్సర్ కేంద్రాలు పెడతామని, 2025-26లోనే 200 తెరుస్తామని. చెన్నై అడయారుకో, వేలూరుకో, తిరుపతికో పోయి రూము తీసుకుని పడిగాపులు కాసే బాధ తగ్గుతుందంటే మాకంటే సంతోషించేవాళ్ళు ఎవరుంటారు? అయితే డే కేర్ అంటే పొద్దున ఎక్కించి సాయంత్రానికి ఇంటికి పంపేయడం. మందు ఎక్కుతున్న ఆ నాలుగైదు గంటలు నర్సమ్మ పక్కనే ఉంటుంది. అసలు గండం ఆ తర్వాత. చాలా కీమో మందులకు తెల్ల రక్తకణాలు బాగా పడిపోయేది ఏడో రోజుకీ పద్నాలుగో రోజుకీ మధ్య. అప్పటికి రోగి సీతారామపురం మండలంలోనో వరికుంటపాడు మండలంలోనో తన ఇంట్లో ఉంటాడు. మీరుండేది వంద కిలోమీటర్ల అవతల.

ఒకసారి జరిగింది చెబుతాను. రాత్రి షట్టర్ దించబోతుంటే ఒక పెద్దాయన వచ్చి జొరం బిళ్ళల అట్ట ఒకటి ఇమ్మన్నాడు. ఎవరికని అడిగితే "మా ఇంటామెకి. మొన్న శనివారం గాదు, ఆ ముందు శనివారం నెల్లూర్లో మందెక్కించుకోనొచ్చినాం" అన్నాడు. లెక్క వేసుకుంటే సరిగ్గా ఆ రోజుల్లోనే ఉంది ఆమె. బయట ఆటోలో తలకు తువ్వాలు చుట్టుకుని వణుకుతోంది. థర్మామీటరు పెడితే 101 దాటింది. చూడబోతే దగ్గు లేదు, గాయం లేదు, చీము లేదు. ఉండదు కూడా. చీము పట్టాలన్నా తెల్ల కణాలే కావాలి. అవి లేని ఒంట్లో ఇన్‌ఫెక్షన్ జొరబడితే జ్వరం ఒక్కటే గుర్తు. ఆ గుర్తును కూడా బిళ్ళ వేసి చెరిపేస్తే తెల్లారేసరికి బీపీ పడిపోయి మనిషి మాట్లాడలేని స్థితికి రావచ్చు.

ఇది మీకు తెలియంది కాదు. 100.4 డిగ్రీలు దాటితే అది అత్యవసరమనీ, రోగి ఆసుపత్రి గడప తొక్కిన గంటలోపు నరానికి యాంటీబయాటిక్ పడాలనీ మీ పుస్తకాల్లోనే ఉంది. ఆ పెద్దాయనకు మాత్రం ఎవరూ చెప్పలేదు. "ఇప్పుడు కారు మాట్లాడుకుంటే మూడు వేలడుగుతాడు. పొద్దున్నే ఫస్టు బస్సుకి పోతాంలే" అన్నాడు. బతిమాలి, కొంచెం భయపెట్టి, స్థానిక సర్కారు ఆసుపత్రికి తీసుకుపోయాం. డ్యూటీలో ఉన్న కుర్ర డాక్టరు మంచివాడు, సెలైన్ పెట్టి ఫైలు మీదున్న నెంబరుకు ఫోన్ చేశాడు. ఎత్తినాయన ఇది బిల్లింగు కౌంటర్ అండీ, ఓపీ రేపు తొమ్మిదింటికి అన్నాడు. ఆ కీమో ఇచ్చిన ఆసుపత్రి పేరు ఇక్కడ రాయను. ఏ ఫైలు చూసినా ఇంచుమించు అదే కథ కాబట్టి ఒకరిని వేలెత్తి చూపి లాభం లేదు. 108 వచ్చింది, ఆమె నెల్లూరు చేరింది, ఐసీయూలో వారానికి పైగా ఉండి బతికి బయటపడింది. నలుగురు తలా ఒక చెయ్యి వేయబట్టి ఆమె బతికింది. పద్ధతంటూ ఒకటుంటే ఇంతమంది అవసరం పడేది కాదు.

జుట్టు ఊడుతుందని కీమోకు పోయే ప్రతి ఒక్కరికీ తెలుసు. సినిమాలు చూసినా తెలుస్తుంది. జుట్టు ఊడి ఎవరూ చావరు. జ్వరం సంగతి మాత్రం పదిమందిని అడిగితే ఒకరిద్దరికి మించి తెలియడం లేదు.

మా దగ్గర చాలాచోట్ల రాత్రిపూట మొదట తలుపు తీసేది ఆర్ఎంపీ డాక్టరే. ఆయన్ను తిట్టడం తేలిక, నేను తిట్టను. అర్ధరాత్రి రెండింటికి పిలిస్తే పలికేది ఆయనొక్కడే. కానీ జ్వరం అనగానే ఆయన చెయ్యి అలవాటుగా రెండు ఇంజెక్షన్ల మీదికి పోతుంది. ఒకటి నొప్పి మందు డైక్లోఫెనాక్, రెండోది డెక్సా అనే స్టెరాయిడ్. ప్లేట్‌లెట్లు పడిపోయిన మనిషికి పిరుదు కండలో సూది గుచ్చితే లోపల రక్తం చేరి గడ్డ కట్టవచ్చు. డైక్లోఫెనాక్ ఉన్న కాసిని ప్లేట్‌లెట్లనూ పనిచేయనివ్వదు, పైగా కిడ్నీల మీద పడుతుంది. డెక్సా జ్వరాన్ని కప్పేస్తుంది, రోగి గంటలో లేచి కూర్చుని కాఫీ అడుగుతాడు, ఇంట్లోవాళ్ళు డాక్టరు హస్తవాసిని మెచ్చుకుంటారు. లోపల ఇన్‌ఫెక్షన్ తన దారిన తాను పోతూనే ఉంటుంది. ఈ నాలుగు ముక్కలు ఆయనకు చెప్పినవాళ్ళెవరు? మండలానికి ఒక పూట కూర్చోబెట్టి చెబితే వింటారు. నేను చెప్పిన ఇద్దరు ముగ్గురు విన్నారు. ఇప్పుడు వాళ్ళే "కీమో పేషెంటు వచ్చిండాడు, ఏం చెయ్యమంటావ్" అని నాకు ఫోన్ చేస్తున్నారు. చేయాల్సింది నాకు కాదు, మీకు.

మీ డిశ్చార్జి కాగితాల దగ్గరికి వస్తాను. అవి మొదటి నుంచి చివరిదాకా ఇంగ్లీషులో ఉంటాయి. రోగం స్టేజి, మందుల పేర్లు, డోసులు, వచ్చే తేదీ, అన్నీ పద్ధతిగా ఉంటాయి. తోటి డాక్టరు చదవడానికి అది సరే. కానీ ఆ ఫైలు ఇంట్లో తెరిచేది పదో తరగతి చదివే పిల్ల. "ఏదైనా ఇబ్బంది ఉంటే రండి" అన్న ముక్క చివర్లో ఉంటుంది. ఏది ఇబ్బంది? అన్నం సహించకపోవడం ఇబ్బందా? రోజుకు ఆరుసార్లు విరేచనాలు అవడం ఇబ్బందా? ఏది ఓర్చుకోవాలో, దేనికి పరిగెత్తాలో తెలియక మావాళ్ళు రెండూ తలకిందులు చేస్తున్నారు. మామూలు వాటికి హడలిపోతున్నారు, ప్రాణం మీదికి వచ్చేవాటిని "కీమో అంటే ఇట్టానే ఉంటదంట" అని ఓర్చుకుంటున్నారు.

ఎర్ర మందు ఎక్కించుకున్న మర్నాడు మూత్రం ఎర్రగా వస్తుంది. డాక్సోరూబిసిన్ రంగే అది. ఒకటి రెండు రోజుల్లో పోతుంది. ఒకామె అది చూసి రక్తమే అనుకుని రెండో డోసుకు రానని మొండికేసింది. పెద్దపేగు క్యాన్సర్‌కు ఆక్సాలిప్లాటిన్ ఎక్కించుకుని నడి ఎండలో బస్సు దిగినాయన కూల్ డ్రింక్ తాగాడు. గొంతు బిగుసుకుపోయి ఊపిరి ఆడనట్టయింది. ఆ మందుకు చల్లటి వస్తువంటే పడదు, ఫ్రిజ్ తలుపు తీసినా వేళ్ళు జివ్వుమంటాయి, కొన్నాళ్ళు గోరువెచ్చని నీళ్ళే తాగాలి. ఒక్క మాట చెప్పి ఉంటే సరిపోయేది. మే నెలలో నెల్లూరు జిల్లాలో మనిషిని బస్సెక్కిస్తూ ఆ మాట చెప్పకపోవడం ఏమిటండీ?

తెల్ల కణాలు పెరిగే సూది సంగతి ఇంకోటి. ఆ ఫిల్‌గ్రాస్టిమ్ ఇంజెక్షన్లు చాలామంది ఐసు వేసిన ఫ్లాస్కులో పెట్టుకుని తెచ్చుకుంటారు. ఇంట్లో ఫ్రిజ్ ఉండదు, ఉన్నా కరెంటు ఉండదు. "మీ ఫ్రిజ్‌లో పెట్టి రోజుకొకటి ఇయ్యి అబ్బయ్యా" అని నా దగ్గర పెట్టిపోతారు. అది 2 నుంచి 8 సెల్సియస్ డిగ్రీల మధ్య ఉండాలి, గడ్డకట్టకూడదు. ఫ్లాస్కులో ఐసుకు ఆనుకుని గడ్డకట్టిన సిరంజిలు చూశాను. వేల రూపాయలు పోసి కొన్న మందు, ఇక సరిగ్గా పనిచేస్తుందన్న భరోసా లేదు. సరిగ్గా దాచుకుని వేయించుకున్నవాళ్ళకు మూడో రోజుకు నడుమూ తుంటీ పీకేసే నొప్పి మొదలవుతుంది. ఎముక మూలుగు గట్టిగా పనిచేస్తోందని దాని అర్థం. ఇంట్లో మాత్రం "బొమికల్లోకి పాకింది" అని ఏడుపులు. ఆ నొప్పి వస్తుందని ముందే చెబితే ఏడ్చే పని లేదు.

నోట్లో వేసుకునే కీమో బిళ్ళల మీద మీరు ఇంకా ఎక్కువ శ్రద్ధ పెట్టాలి. సూది మందు పేరు చెబితే భయపడే మనిషి బిళ్ళంటే తేలిగ్గా తీసుకుంటాడు. కేపసిటబిన్ సాధారణంగా పద్నాలుగు రోజులు వేసుకుని ఒక వారం ఆపాలి. కలిగిరి వైపు పొగాకు గ్రేడింగుకు పోయే ఒకామె అరచేతులు ఎర్రగా కమిలి, వేళ్ళ చివర పొరలు ఊడిపోతుంటే పొగాకు ఘాటు తగిలిందనుకుని కొబ్బరి నూనె రాసుకుంటూ బిళ్ళలు ఆపకుండా మింగింది. అరికాళ్ళూ అలాగే అయి చెప్పులు వేసుకోలేని దాకా వచ్చాక కుంటుకుంటూ నా దగ్గరికి వచ్చింది. చీటీ చూస్తేగానీ ఆ కమిలింది బిళ్ళల వల్లని అర్థం కాలేదు. ఆ రోజే బిళ్ళ ఆపించి మీలో ఒకరికి ఫోన్ చేస్తే డోసు తగ్గించి మళ్ళీ మొదలుపెట్టారు, ఇప్పుడు బాగుంది. ఇవే బిళ్ళలతో విరేచనాలు మామూలు కంటే రోజుకు నాలుగుసార్లు ఎక్కువైతే ఆపి ఫోన్ చేయాలి. గుండె వాల్వు మార్చుకుని రక్తం పలచబడే అసిట్రోమ్ లాంటివి వాడేవాళ్ళకు ఇవి తోడైతే రక్తస్రావం కావచ్చు, రక్తం ఎంత పలచబడిందో చెప్పే పరీక్ష తరచుగా చూడాలి. కానీ గుండె డాక్టరు చీటీ ఒక సంచిలో, క్యాన్సర్ ఫైలు ఇంకో సంచిలో ఉంటాయి. రెంటినీ పక్కపక్కన పెట్టి చూసేవాళ్ళు లేరు. ఇక మెథోట్రెక్సేట్ వారానికి ఒకసారి వేసుకోవాల్సిన చోట రోజూ వేసుకుంటే ప్రాణం పోతుంది. దయచేసి చీటీ మీద "వారానికి ఒక్కసారే" అని తెలుగులో రాసి, వారంలో ఏ రోజో కూడా రాయండి. సోమవారం అంటే సోమవారం.

నోటి క్యాన్సర్‌కు కరెంటు (రేడియేషన్) పెట్టించుకుంటూ వారం వారం సిస్‌ప్లాటిన్ ఎక్కించుకునేవాళ్ళను చూస్తే కడుపు తరుక్కుపోతుంది. నోరంతా పుండై గుటక పడదు. ఆ మందుకేమో నీళ్ళు బాగా తాగకపోతే కిడ్నీలు దెబ్బతింటాయి. మింగలేని మనిషిని నీళ్ళు తాగమంటే ఎట్టా తాగుతాడు? నొప్పికి తాళలేక మా దగ్గరికొచ్చి పెయిన్ కిల్లర్ అడుగుతాడు. అమ్మితే కిడ్నీకి ఇంకో దెబ్బ. అమ్మకపోతే పక్క షాపులో దొరుకుతుంది. అలాంటివాళ్ళకు వారానికి రెండుసార్లు ఊళ్ళోనే సెలైన్ ఎక్కించి, కిడ్నీల పనితీరు చెప్పే క్రియాటినిన్ పరీక్ష చూసి పంపే ఏర్పాటు మన సామాజిక ఆరోగ్య కేంద్రాల్లో చేయలేమా? దానికి కొత్త బిల్డింగు అక్కర్లేదు. మీ ఆర్డరు ఒకటి ఉంటే చాలు.

మీలో కొందరు నాతో ఒక మాట అన్నారు. అన్నీ చెబితే భయపడి పారిపోతారయ్యా, ట్రీట్‌మెంటే మానేస్తారు అని. ఆ భయం ఉత్తిదని అననుగానీ, నేను చూసినంతలో మధ్యలో మానేసినవాళ్ళు చెప్పడం వల్ల మానలేదు. చెప్పంది జరిగినప్పుడు మానేశారు. ఎర్ర మూత్రం చూసి మానేసినామె సంగతి పైన రాశాను. ముందే తెలిసినవాళ్ళు "డాక్టరు చెప్పినాడు గదా" అని ధైర్యంగా ఉంటున్నారు. డాక్టరు మీద నమ్మకం కూడా పెరుగుతోంది. మానేసినవాళ్ళు ఎక్కడికి పోతున్నారో మీకూ తెలుసు. ఎవరో పసరు పోస్తారంటారు, ఎవరో బూడిద ఇస్తారంటారు. కొందరు కీమో చేయించుకుంటూనే పసరు తాగుతారు, లివర్ ఎంజైములు పెరిగి డోసు వాయిదా పడుతుంది, కారణం మీకు చెప్పరు. ఎందుకు చెప్పరంటే మీరు కోప్పడతారని. కోప్పడకుండా అడగండి, చెబుతారు. పథ్యం పేరుతో గుడ్డు, చేప, పెరుగు మాన్పించి గంజి మీద ఉంచే ఇళ్ళు కూడా ఉన్నాయి. బాగా ఉడికిన గుడ్డూ చేపల పులుసూ తినొచ్చని మీ నోటితో చెబితేగానీ మా అత్తమ్మలు వినరు.

సైడ్ ఎఫెక్టుల లెక్క రాసి పెట్టే పద్ధతి మన దేశంలో 2010 నుంచి ఉంది. ఘజియాబాద్‌లోని ఇండియన్ ఫార్మకోపియా కమిషన్ దాన్ని నడుపుతోంది. మెడికల్ కాలేజీల్లో దానికి కేంద్రాలున్నాయి. రోగి గానీ, ఇంట్లోవాళ్ళు గానీ నింపడానికి తెలుగులో ఫారం ఉంది, 1800-180-3024 అని టోల్ ఫ్రీ నెంబరు ఉంది. డాక్టరు మీద ఫిర్యాదు కాదది, మందు మీద సమాచారం. మన దగ్గర కీమో వార్డు గోడ మీద ఆ నెంబరు నాకెక్కడా కనపడలేదు. మన మనుషుల ఒంటికి ఏ మందు ఎట్టా పడుతోందో ఎవరూ రాయకపోతే, ఎక్కడో చలిదేశాల్లో రాసిన లెక్కలే మనకు దిక్కు.

ఇంకో చిన్న సంగతి. 2024 మార్చిలో ఢిల్లీ పోలీసులు ఒక ముఠాను పట్టుకున్నారు. ఖరీదైన క్యాన్సర్ మందుల ఖాళీ సీసాలు ఆసుపత్రి సిబ్బంది దగ్గరే కొని, వేరే మందు నింపి అమ్మేవాళ్ళు. మందు ఎక్కించాక ఖాళీ సీసా లేబులు చించి పారేసే పని రోగి బంధువు కళ్ళ ముందే జరగాలి. కొన్న బిల్లు మీద బ్యాచ్ నెంబరు ఉండాలి. ఇది పైసా ఖర్చు లేని పని.

నేను అడిగేది పెద్దదేమీ కాదు. ఒక్క పేజీ కాగితం, తెలుగులో, పెద్ద అక్షరాలతో. మందు పేరు, ఎక్కించిన తేదీ, ఏ తేదీ నుంచి ఏ తేదీ దాకా జాగ్రత్తగా ఉండాలో రాసి, జ్వరం 100.4 దాటితే బిళ్ళ వేయకుండా ముందు ఈ నెంబరుకు ఫోన్ చేయాలని పైన ఎర్ర రంగులో ఉండాలి. ఆ నెంబరు రాత్రి కూడా పలకాలి, పలికేది బిల్లింగు మనిషి కాకూడదు, ట్రీట్‌మెంటు తెలిసిన నర్సు చాలు. కాగితంతో పాటు ఒక డిజిటల్ థర్మామీటరు ఇవ్వండి, రెండొందల లోపే దొరుకుతుంది. లక్షల ప్యాకేజీలో అదొక లెక్కా? అదే కాగితం వెనక వైపు ఇంగ్లీషులో ఊరి డాక్టరుకు నాలుగు వరుసలు: కండకు సూది వద్దు, డైక్లోఫెనాక్ వద్దు, డెక్సా వద్దు, మొదటి డోసు యాంటీబయాటిక్ ఇదీ, ఇచ్చాకే అంబులెన్సు ఎక్కించండి అని. ఆ యాంటీబయాటిక్ ఏదో మీరు కూర్చుని తేల్చాలి. తేల్చింది ఉదయగిరిలో, ఆత్మకూరులో, కావలిలో ఫ్రిజ్ పక్కన బీరువాలో ఎప్పుడూ ఉండాలి. రక్తం కౌంటు చూసే మిషను రాత్రిపూట తాళం వేసి ఉండకూడదు. జ్వరంతో వచ్చిన కీమో రోగిని ఓపీ వరుసలో దగ్గేవాళ్ళ మధ్య నిలబెట్టకూడదు. కాగితం చూపిస్తే నేరుగా లోపలికి పంపమని గేటు దగ్గరి సెక్యూరిటీకి కూడా చెప్పాలి. ఎందుకంటే మా రోగిని మొదట ఆపేది ఆయనే.

ఆశా కార్యకర్తకూ ఏఎన్ఎంకూ తమ ఊళ్ళో కీమోలో ఉన్నదెవరో తెలియాలి. బాలింతల పేర్లూ, బీపీ షుగరు వాళ్ళ పేర్లూ రిజిస్టర్లో ఉన్నాయి. క్యాన్సర్ వాళ్ళకు ఇంకో పేజీ ఎక్కువ కాదు. ఎక్కించిన తొమ్మిదో రోజునో పదో రోజునో ఒకసారి తలుపు తట్టి "జొరమేమన్నా ఉండాదా" అని అడిగితే చాలు. కొందరికి ఆ జబ్బు ఊళ్ళో తెలియడం ఇష్టం ఉండదు, పెళ్ళి కావాల్సిన ఆడపిల్లలున్న ఇళ్ళలో మరీను. వాళ్ళను అడిగి, సరే అన్నాకే పేరు రాయండి.

ఆ ఒక్క పేజీ ముసాయిదా మేం నలుగురు షాపుల వాళ్ళం కలిసి తెలుగులో రాసి పెట్టాం. తప్పులుంటాయి, డోసుల జోలికి పోలేదు. మీలో ఎవరైనా ఒక సాయంత్రం కూర్చుని దిద్ది, సంతకం పెట్టి, రాత్రి పలికే నెంబరు ఒకటి అందులో వేసి ఇస్తే అచ్చు వేయించే ఖర్చు మాది. డే కేర్ కేంద్రం రిబ్బన్ కత్తిరించే దాకా ఆగక్కర్లేదు. వచ్చే సోమవారం కలెక్టరేట్ గ్రీవెన్స్‌లో ఈ ఉత్తరం కాపీ ఒకటి, ముసాయిదా కాపీ ఒకటి ఇచ్చి రసీదు తీసుకుంటాం.

ఇట్లు,
ఉదయగిరి ప్రాంతపు మెడికల్ షాపు యజమాని ఒకరు